సెప్టెంబరు 4: ఒక బడిపంతులు తెచ్చిన బంగారం

పిల్లలూ! సెప్టెంబరు 5 ఏమి రోజు అని అడిగితే మీలో ప్రతివారూ ఠక్కున జవాబు చెబుతారు. ఉపాధ్యాయ దినోత్సవం. ఆనాడు మీలో పెద్దవాళ్ళు పంచెలూ చీరెలూ కట్టుకుని, చేత బెత్తం పట్టుకుని, చిన్న తరగతులకు పాఠాలు చెప్పి గొంతు బొంగురు పోగొట్టుకుంటారు. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పుట్టినరోజు అది. ఆయన రాష్ట్రపతి అయిన 1962లోనే మొట్టమొదటిసారిగా ఆ పండుగ జరిగింది. ఇంతవరకు మీకు తెలిసినదే.

మరి ఆ పండుగకు ముందురోజు, అనగా 1962 సెప్టెంబరు 4వ తేదీ, ఏం జరిగిందో చెప్పగలరా? చెప్పలేకపోతే మీ తప్పేమీ లేదు. మీ పాఠ్యపుస్తకాలలో అది లేదు. మీ అమ్మనాన్నలలో కూడా చాలామందికి తెలియదు. ఆ రోజున ఇండోనేషియా రాజధాని జకార్తాలో, లక్షమంది జనం గేలిచేస్తూ అరుస్తూ ఉండగా, మన దేశపు ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన ఆయన మన హైదరాబాదువాడు. ఆయన సైన్యంలో అధికారి కాదు, నవాబుగారి కొడుకూ కాదు. బడిపంతులు. దేశమంతా మొదటిసారిగా పంతుళ్ళకు పూలదండలు వేయబోయే రోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు, ఒక పంతులు ఆ పతకం గెలిపించాడన్నమాట. ఎవరో కావాలని కూర్చినట్లుగా లేదూ! కాని తేదీలు వాటంతట అవే అలా కలిసివచ్చాయి.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరూ ‘రహీం సాబు’ అనేవారు. మనమూ అలాగే అందాం.

రహీం సాబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బి.ఏ. పట్టం పుచ్చుకున్నారు. చదువుకునే రోజులలోనే ఫుట్‌బాల్ ఆటలో పేరు తెచ్చుకున్నారు. తరువాత బడిపంతులుగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బడులు. పాతబస్తీలోనూ మూసీకి ఆ ఒడ్డున ఈ ఒడ్డున ఉండే పిల్లలు ఈ పేర్లు వినే ఉంటారు. ఎవరైనా రోజూ ఆ దారినే బడికి వెళ్తున్నారేమో కూడా! వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని, డ్రిల్లు మాస్టారుగా పిల్లలను మైదానంలోకి దింపారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ పని వదలలేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. “డ్రిల్లు పీరియడే కదా, అది మాని లెక్కలు చేసుకోరాదా” అని మనం పిల్లలతో ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. నా ఉద్యోగ కాలంలో, పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడును తీసేయమని నన్ను అడిగిన తండ్రులు ఎంతమందో! రహీం సాబు కథ చదివిన తరువాత వారు ఏమంటారో వినాలని ఉన్నది.

ఆ రోజులలో హైదరాబాదు అంటే దేశమంతటికీ ఫుట్‌బాల్ గుర్తుకు వచ్చేది. ఇప్పుడు ఈ మాట చెబితే మీరు నవ్వుతారు. హైదరాబాదంటే బిరియానీ, చార్మినారు, ఇంకా కావాలంటే బ్యాడ్మింటను అంటారు. కాని ఇది చూడండి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. ఒక ఏడు గెలవడమే గొప్ప అనుకునే పోటీ అది. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. ఈ జట్టుకు తర్ఫీదు ఇచ్చినది రహీం సాబే. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోనూ 1957–58లోనూ వరుసగా గెలుచుకున్నది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్ళీ గెలిచింది.

డ్యూరాండ్ కప్పు అన్నాను గనక దాని సంగతి కొంచెం చెప్పాలి. అది మన దేశపు ఫుట్‌బాల్ పోటీలలో అన్నిటికన్న పాతది. 1888లో సిమ్లాలో మొదలయింది. రాధాకృష్ణన్‌గారు పుట్టిన సంవత్సరమే! ఆ మొదటి ఏడు కప్పు గెలిచినది ఎవరనుకున్నారు? రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ అనే స్కాట్లండు సైనిక దళం. వాళ్ళ చేతిలో ఓడినది హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ, అదీ స్కాట్లండు దళమే. ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి సిమ్లా! మొదట అన్నీ దొరల సైనిక దళాలే ఆడుకున్న ఆ పోటీలో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత జరిగిన మొదటి ఏడే, అనగా 1950లో, మన ఊరి పోలీసువాళ్ళు కప్పు ఎత్తుకుని వచ్చారు.

స్కాట్లండువారి పేరు ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉన్నది. 1872 నవంబరు 30న గ్లాస్గో నగరంలో స్కాట్లండుకూ ఇంగ్లండుకూ ఒక ఆట జరిగింది. ప్రపంచంలో రెండు దేశాల మధ్య జరిగిన మొదటి అధికార ఫుట్‌బాల్ పోటీ అదే. ఒక్క గోలు కూడా పడలేదు. రెండు జట్లూ సున్నా! అయినా చరిత్రలో నిలిచిపోయింది. ఎందువల్లనంటే, ఆ రోజులలో ఇంగ్లండువారి ఆట ఒక పద్ధతిగా ఉండేది. బంతి దొరికినవాడు దానిని తన కాళ్ళ మధ్యనే పెట్టుకుని, ఎదురు వచ్చినవారినందరినీ తప్పించుకుంటూ వీలైనంత దూరం పరుగెత్తేవాడు. స్కాట్లండు ఆటగాళ్ళు వారికన్న బరువు తక్కువవాళ్ళు. ఢీకొంటే నిలవలేరు. అందుకని వారు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడారు. తోపులాటను పంపకంతో జయించారన్నమాట. ఆ పంపకం ఆటే క్రమంగా లోకమంతా వ్యాపించింది.

మన రహీం సాబుకు కూడా అదే చిక్కు వచ్చింది. మన పిల్లలు సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఐరోపా ఆటగాళ్ళ పక్కన నిలబడితే తండ్రీ కొడుకుల్లా కనిపించేవారు. వాళ్ళను భుజబలంతో గెలవడం కల్ల. “బంతిని దగ్గర ఉంచుకోవద్దు. ఒక తాకుతో ఆపు, రెండో తాకుతో పంపు” అనేది ఆయన నేర్పిన పాఠం.

ఇందులో ఎంత శాస్త్రం ఉన్నదో మీరే మైదానానికి వెళ్ళి పరీక్షించవచ్చు. ఇరవై మీటర్ల దూరంలో రెండు రాళ్ళు పెట్టండి. మీలో బాగా పరుగెత్తేవాడిని బంతి తన్నుకుంటూ ఒక రాయి దగ్గర నుండి రెండో రాయి దాకా వెళ్ళమనండి. గడియారం చూడండి. ఐదు సెకండ్లకు తక్కువ కాకుండా పడుతుంది. ఇప్పుడు అక్కడే నిలబడి ఆ బంతిని నేల మీదుగా గట్టిగా తన్నమనండి. రెండు సెకండ్లలో చేరుకుంటుంది. ఎంత చురుకైన కుర్రవాడైనా బంతితో పందెం వేసి గెలవలేడు. పైగా పరుగెత్తేవాడికి ఆయాసం వస్తుంది. బంతికి ఆయాసం రాదు!

రహీం సాబు ఈ పాఠాన్ని నల్లబల్ల మీద రాసి ఊరుకోలేదు. పంతులు గనక పరీక్షలు పెట్టారు. ఆ పరీక్షలే పోటీలు. ఒక పోటీలో బంతితో ఎదుటివారిని తప్పించుకుంటూ పరుగెత్తకూడదు, అందించి తీరాలి. ఇంకొక పోటీలో కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. పొట్టివాళ్ళకు, చిన్న వయసువాళ్ళకు వేరే పోటీలు పెట్టారు. పొడుగువాళ్ళ మధ్య పడి అణగిపోయే కుర్రవాళ్ళకు కూడా బంతి దొరకాలని ఆయన ఉద్దేశం. ఏ పిల్లవాడికి ఏ లోపం ఉన్నదో కనిపెట్టి, ఆ లోపానికే ఒక ఆట కల్పించడమన్నమాట. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నెలల తరబడి చెప్పిన పాఠం సారాంశం ఇంతే.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. 1936లో పుట్టాడు. పేద కుటుంబం. ఆటలో చురుకుదనం చూసి రహీం సాబు అతన్ని హైదరాబాదుకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి బస్సుకు డబ్బులు ఏవీ? సైకిలు అద్దెకు కావలసిన డబ్బు రహీం సాబే ఇచ్చేవారని బలరాంగారు పెద్దయిన తరువాత చెప్పేవారు. అద్దె సైకిలు మీద వచ్చిన ఆ కుర్రవాడు రెండు ఒలింపిక్సులలో ఆడాడు. 1960లో రోము ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు వేశాడు. ఆయన 2023 ఫిబ్రవరిలో కాలం చేశారు.

అయితే రహీం సాబు ముట్టుకున్నదల్లా బంగారం కాలేదు. 1951 మార్చి 10న ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఒక్క గోలుతో ఓడించి బంగారు పతకం గెలిచింది. మేవాలాల్ అనే ఆటగాడు వేశాడు ఆ గోలు. 2026 మార్చి 10కి ఆ సంగతికి 75 సంవత్సరాలు నిండాయి. ఆ జట్టు శిక్షకుడు రహీం సాబే. సరిగ్గా ఆ మరుసటి ఏడు, 1952 జూలై 15న, ఫిన్లండు దేశంలో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో ఎంత తేడాతో ఓడామో తెలుసా? పదికి ఒకటి! అవును, పది గోళ్ళు పడ్డాయి.

కారణాలలో ఒకటి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. పాదానికి పట్టీలు చుట్టుకునేవారు, అంతే. 1948లో లండను ఒలింపిక్సులో కూడా అలాగే ఆడి, ఫ్రాన్సు చేతిలో రెండుకు ఒకటిగా మాత్రమే ఓడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకోకుంటే గెలిచేవారే. అప్పుడు ఇంగ్లండు జనం “అబ్బ, వట్టికాళ్ళతో ఎంత చక్కగా ఆడుతున్నారు!” అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు మనకు చేటు చేసిందని నా అభిప్రాయం. హెల్సింకిలో నేల చల్లన, గడ్డి తడి. తడిసిన గడ్డి మీద వట్టి పాదానికి పట్టు దొరకదు. రాపిడి తగ్గిపోతుంది గనక కాలు జారుతుంది. సబ్బునీళ్ళు పోసిన స్నానాల గది గచ్చు మీద పరుగెత్తి చూస్తే... వద్దు, చూడవద్దు, ఊహించుకుంటే చాలు. బూటు అడుగున గుబ్బలు ఉంటాయి. అవి మట్టిలో దిగి పట్టు ఇస్తాయి. పైగా ఆ కాలపు బంతి తోలుబంతి. పొడిగా ఉన్నప్పుడు నాలుగు వందల గ్రాముల పైచిలుకు తూగేది. తడిస్తే నీరు పీల్చుకుని ఇంకా బరువెక్కేది. దాన్ని వట్టికాలితో ఒక గంటన్నర తన్నితే ఏమవుతుంది?

ఆ ఓటమి తరువాత జాతీయ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాబు చేసిన పని ఇంకొకటి ఉన్నది. హెల్సింకిలో బంగారు పతకం గెలిచిన హంగరీ జట్టు ఆట తీరును ఆయన శ్రద్ధగా గమనించారు. ముందు వరుస మధ్యలో ఉండే ఆటగాడు ముందుకే పోకుండా కాస్త వెనక్కు జరిగి, తక్కినవారికి బంతి అందించడం వారి కొత్త ఎత్తు. అది మన జట్టుకూ నేర్పారు. తరువాత నలుగురు, ఇద్దరు, నలుగురుగా నిలబెట్టే అమరిక కూడా ఆయన ఆడించారు. 1958లో బ్రెజిలు ఆ అమరికతోనే ప్రపంచ కప్పు గెలిచేసరికి, లోకమంతా దానిని కొత్త వింతగా చెప్పుకున్నది. మన ఆటగాళ్ళు మాత్రం “ఇది మాకు రహీం సాబు ముందే నేర్పారు” అనేవారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956 డిసెంబరు 1న మెల్బోర్ను ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే నాలుగుకు రెండుగా ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు వేశాడు. ఒలింపిక్సులో ఆసియావాడు ఒకే ఆటలో మూడు గోళ్ళు వేయడం అదే మొదటిసారి. ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీఫైనలుకు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో హైదరాబాదు కుర్రవాళ్ళు ఎంతోమంది. పీటర్ తంగరాజ్, బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సలాం, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్. పేర్లు చూశారా? ఒక్క ఊరి వీధులలో పెరిగినవాళ్ళు. సెమీఫైనలులో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురయింది. ఈసారి నాలుగుకు ఒకటి. ఓటమే, కాని పదికి ఒకటి కాదు. మూడో స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా గెలిచింది. మనకు నాలుగో స్థానం దక్కింది. మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సులో అంతకన్న పైకి ఎన్నడూ వెళ్ళలేదు.

ఇక జకార్తా సంగతి.

1962లో జట్టుతో బయలుదేరేనాటికి రహీం సాబు ఆరోగ్యం చెడిపోయి ఉన్నది. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆ రోజులలో దానికి నేటివలె మంచి చికిత్సలు లేవు. అయినా మైదానం వదలలేదు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళ తేడాతో ఓడాము. తరువాత థాయిలండును నాలుగుకు ఒకటిగా ఓడించాము గాని, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి. వెనుక కోటగోడలా నిలిచే ఆటగాడు ఆయన. జపాను మీద ఆయన లేకుండానే రెండు గోళ్ళతో గెలిచాము. సెమీఫైనలులో దక్షిణ వియత్నాం ఎదురయింది. కుట్లు పడిన తలతో జర్నైల్‌ను వెనుక వరుసలో పెడితే, వచ్చే బంతులన్నీ తలతోనే కొట్టాలి. ఏం చేయాలి? రహీం సాబు ఆయనను తీసి ముందు వరుసలో పెట్టారు! కాపలావాడిని దండయాత్రకు పంపారన్నమాట. చిన్నప్పుడు కాలేజీలో జర్నైల్ ముందు వరుసలో ఆడిన సంగతి ఆయన మరచిపోలేదు. జర్నైల్ ఆ ఆటలో ఒక గోలు వేశాడు. కెప్టెను చునీ గోస్వామి రెండు వేశాడు. మూడుకు రెండుగా గెలిచి ఫైనలుకు చేరాము.

ఈ లోపల ఊరిలో గొడవ లేచింది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెలు, తైవాను ఆటగాళ్ళను రానివ్వలేదు. ఇది క్రీడాధర్మం కాదని మన దేశపు ఒలింపిక్ పెద్ద గురుదత్ సోంధిగారు గట్టిగా అన్నారు. అంతే, ఊరి జనానికి కోపం వచ్చింది. సెప్టెంబరు 3న మన దౌత్య కార్యాలయం మీద పడి దాడిచేశారు. ఆటగాళ్ళు బస్సులో వెళ్ళేటప్పుడు తలపాగా కనబడితే గుర్తుపడతారని జర్నైల్ సింగ్ సీట్ల మధ్య కింద కూర్చోవలసి వచ్చిందని తరువాత చెప్పుకున్నారు. ఆటగాళ్ళకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రాత్రి రహీం సాబు వారిని దగ్గరకు పిలిచి, తనకు రేపు ఒక కానుక కావాలి, అది బంగారు పతకం అని అడిగారట.

మరునాడు సెప్టెంబరు 4. స్టేడియంలో లక్షమంది. మన జాతీయగీతం వినిపించకుండా అల్లరి చేశారు. బంతి మనవాళ్ళ కాలికి తగిలితే చాలు, ఊళలు. ఆ లక్ష గొంతుల మధ్య మన వైపు కేకలు వేసినవారు ఎవరో తెలుసా? పాకిస్తాను హాకీ జట్టువాళ్ళు! అంతకు ముందురోజే హాకీ ఫైనలులో మనల్ని ఓడించి బంగారు పతకం పట్టుకుపోయినవాళ్ళు వారే. ఈ సంగతి మన ఆటగాళ్ళు ముసలివాళ్ళు అయిన తరువాత కూడా తలచుకుంటూ ఉండేవారు.

ఎదుటివాళ్ళు మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియావాళ్ళే. గోలు ముందు మన తంగరాజ్ నిలబడ్డాడు. ఆరడుగులకు పైబడిన మనిషి. హైదరాబాదులో పుట్టి సికిందరాబాదు క్లబ్బులలో ఆట నేర్చుకున్నవాడు. ముందు వరుసలో బలరాం, మన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. తలకు కట్టుతో జర్నైల్ మళ్ళీ ముందుకే వచ్చాడు. పదిహేడో నిముషంలో పి. కె. బెనర్జీ మొదటి గోలు వేశాడు. స్టేడియం ఒక్కసారి మూగబోయింది. మూడు నిముషాలు తిరగకుండానే జర్నైల్ రెండోది వేశాడు. కొరియావాళ్ళు తరువాత గంటసేపు మన గోలు మీద దాడులు చేస్తూనే ఉన్నారు. ఆట ముగియడానికి ఐదు నిముషాలు ఉన్నదనగా ఒకటి తిరిగి ఇచ్చారు. ఆ ఐదు నిముషాలు ఎంత పొడుగుగా గడిచి ఉంటాయో! ఈల వినిపించేసరికి రెండుకు ఒకటి. బంగారం మనది.

అప్పటి నుండి 2023 ఆసియా క్రీడల దాకా చూసినా, ఫుట్‌బాల్లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970లో బాంగ్‌కాక్‌లో కంచు పతకం ఒక్కటి వచ్చింది. ఆ జట్టు కెప్టెను సయ్యద్ నయీముద్దీన్ కూడా మన హైదరాబాదువాడే. అందులో ఆడిన మహమ్మద్ హబీబ్ కూడా అంతే. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో సాక్షాత్తు పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ రెండుకు రెండుగా సమానం చేసినప్పుడు, ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది.

జకార్తా నుండి తిరిగివచ్చిన తరువాత రహీం సాబు ఒక ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. యాభైనాలుగు ఏళ్ళు నిండలేదు. ఆయన కుమారుడు ఎస్. ఎస్. హకీం రోము ఒలింపిక్ జట్టులో ఉన్నవాడు. తరువాత అంతర్జాతీయ రిఫరీగానూ, శిక్షకుడుగానూ పేరు పొంది 2021 ఆగస్టులో చనిపోయారు. 2024లో రహీం సాబు కథను ‘మైదాన్’ అనే హిందీ సినిమాగా తీశారు. సినిమా చూసినవారు అందులో కల్పన ఎంత, నిజం ఎంత అని ఈ వ్యాసంతో సరిచూసుకోవచ్చు.

ఆయన తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ ఎందుకు చల్లబడింది? మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు జీతాలు ఇచ్చి తీసుకుపోయాయి. 1983లో మన దేశం క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత కుర్రవాళ్ళ చేతికి బ్యాటు వచ్చింది. ఊరు పెరిగి ఖాళీ స్థలాలు ఇళ్ళయ్యాయి. నాకు అన్నిటికన్న పెద్దదిగా తోచే కారణం ఇంకొకటి. ఒక్క మనిషి, కార్యదర్శిగా, శిక్షకుడుగా, పంతులుగా, చేసిన పనిని ఆయన వెనుక పంచుకునేవారు తయారు కాలేదు. ఆయన పోటీలు ఆయనతోనే ఆగిపోయాయి. 2022 మార్చి 20న హైదరాబాదు పేరుగల జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచిన మాట నిజమే. సంతోషించవలసినదే. కాని డబ్బుపెట్టి ఆటగాళ్ళను నానా ఊళ్ళ నుండి తెచ్చిన జట్టు వేరు, వీధి పిల్లలను కూడగట్టిన జట్టు వేరు.

ఆట మాత్రం పూర్తిగా పోలేదు. చాంద్రాయణగుట్ట దగ్గర బార్కాస్ అనే పేట ఉన్నది. నిజాం కాలంలో అరబ్బు సిపాయీల బారకాసులు అక్కడ ఉండేవి. ఆ మాటే ‘బార్కాస్’ అయింది. సాయంకాలం అటు వెళితే మైదానంలో దుమ్ము రేగుతూ ఉంటుంది. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ బంతి వెంట ఉంటారు. పాతబస్తీలో ఫుట్‌బాల్ మాట వస్తే నేటికీ ఆ పేరే ముందు చెబుతారు.

సెప్టెంబరు 4న మీ బడిలో రహీం సాబు పెట్టిన పోటీలలో ఒకటి మీరే జరపండి. నియమాలు నా పద్ధతిలో రాస్తున్నాను. ఐదుగురేసి రెండు జట్లు. మైదానం పెద్దదే కానక్కరలేదు, బడి ఆవరణ చాలు. అందరూ తమకు వాటం లేని కాలితోనే తన్నాలి. ఎవరూ బంతిని రెండు తాకులకు మించి ఉంచుకోకూడదు. మూడో తాకు తాకితే బంతి ఎదుటి జట్టుది. గోలు వేసేముందు జట్టులో కనీసం ముగ్గురి కాలికి బంతి తగిలి ఉండాలి. పదేసి నిముషాలు రెండు భాగాలు. ఈల ఊదడానికి మీ డ్రిల్లు మాస్టారును పిలవండి. మొదటి పది నిముషాలలో ఒక్క గోలు కూడా పడకపోవచ్చు, బంతి ఎటో పోతూ ఉంటుంది, చూసేవాళ్ళు పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వుతారు. ఆట ఆపకండి. నాలుగు రోజులు వరుసగా ఆడి, నాలుగో రోజు ఎన్ని గోళ్ళు పడ్డాయో లెక్కరాసి పత్రికకు పంపండి.